ఎడం చేతి ముడి

నిందితుడు "కాదో" అన్నాడట. అవునో కాదో తేల్చుకోకుండానే గుమాస్తా దాన్ని కాగితం మీద పెట్టేశాడు. రాజధానివాళ్ళు మాటల్లో కలిపే ఫ్రెంచిలో కాదో అంటే కానుక. "ఆ గదిలో కాదో ఉంది, ఆ గదిలో కాదో ఉంది" అని పొద్దుటి నుంచి నాలుగుసార్లు అరిచాడనీ, అయిదోసారి అరవకుండా నోట్లో గుడ్డ కుక్కామనీ అందులో రాసి ఉంది.

"కానుకంటే ఏమిటో నీకు అర్థమైందా?" అన్నాడు కమాండర్ వజ్ది. "రెండో బాంబు. పంపు గది గురించి అడుగుతుంటే ఆ గదిలో అన్నాడు కాబట్టి అది పంపు గదిలోనే ఉంది. మావాళ్ళు అక్కడ తవ్వుతున్నారు."

ఇన్‌స్పెక్టర్ షెద్లీ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఐన్ ముర్రా ఒయాసిస్‌లో పుట్టి అక్కడి ఠాణాలోనే ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నవాడు. బెల్టు కింద పొట్ట, టోపీ కింద బట్టతల, నాలుక కింద ఎప్పుడూ ఒక ఎకసెక్కెం. ఆ కాగితం చదువుతున్నంతసేపూ ఆ మూడోదానికి మాత్రం పని తగల్లేదు.

నిన్న, మంగళవారం సాయంత్రం నాలుగూ నలభైకి, ఖర్జూరాల కంపెనీవాళ్ళ లోతు బావి దగ్గర పంపు గది పేలిపోయింది. కాపలా ఉన్న హమాదీకి మోకాలి కింద కాలు పోయింది. రాత్రి తొమ్మిదికల్లా రాజధాని నుంచి వజ్ది దళం దిగి, ఊరి చివర మూతబడ్డ ఖర్జూరం గోదామును స్వాధీనం చేసుకుని, తెల్లవారేలోపు ఇరవై ముగ్గురు కుర్రాళ్ళను అందులో కుక్కింది. ఆ దళంలో అరెస్టులకి రెస్టు ఉండదు. ఇరవై ఇద్దరు పెద్ద హాల్లో ఉన్నారు. ఇరవై మూడోవాడు, ఆ కాదో అన్న లసాద్, ఒక్కడే వెనక గదిలో ఉన్నాడు. వాడి చొక్కా నిండా నెత్తురు ఉంది, జేబులో ముడులు వేసిన ఈతాకు ఉంది.

ఆ ఆకును వజ్ది ప్లాస్టిక్ సంచీలో పెట్టి ముద్ర కొట్టించాడు. ముప్పై ముడులు. రహస్య లిపి అట. రాజధానిలో నిపుణులు చదువుతారట. మధ్యాహ్నం పన్నెండుకి వ్యాను వచ్చి ఆకునీ లసాద్‌నీ కలిపి తీసుకుపోతుంది.

అది లిపి కాదు సార్, నీళ్ళ రసీదు అన్నాడు షెద్లీ. ఇక్కడ తోటలకి నీళ్ళు వంతుల మీద వస్తాయి. అడుగున చిల్లు ఉన్న రాగి చెంబును మేకుకి వేలాడదీసి నీళ్ళు పోస్తారు. అది ఖాళీ అయితే ఒక ముడి. లసాద్ వంతు ముప్పై ముడులు. ముడికి అయిదు నిమిషాలు చొప్పున రెండున్నర నుంచి అయిదు దాకా వాడు తోటలోనే ఉన్నాడు.

"ఎవడు చూశాడు?"

"నీళ్ళు చూశాయి. గట్టు దగ్గర మనిషి లేకపోతే అవి పక్క తోటలో పడతాయి. పక్క తోట తుర్కియా పిన్నిది. ఆవిడ ఊరుకునే మనిషి కాదు."

వాళ్ళు మాట్లాడుకుంటున్న గోదాము గదికి గోడ వెనక ఎక్కడో టప్‌మని చుక్క పడింది. వెంటనే ఇంకోటి. ముందా దిక్కుమాలిన కుళాయి కట్టెయ్యండ్రా అని వజ్ది వాకిట్లోకి కేకేసి, మళ్ళీ షెద్లీ వైపు తిరిగాడు. తోటల చుట్టూ ముళ్ళకంచె వేయిస్తున్నాననీ, సాయంత్రం అయిదు దాటితే ఎవరూ తోటల్లో కనబడకూడదనీ, నాలుగు మూలలా నాలుగు చౌకీలు పెడుతున్నాననీ చెప్పాడు. ఐన్ ముర్రా ఇకమీదట దేశంలోకెల్లా భద్రమైన ఊరట.

"మూడేళ్ళ కిందట కూడా ఇదే చేశారు" అన్నాడు షెద్లీ. "ఇదే గోదాములో అరవై మందిని పెట్టారు. ఒక్కడి మీద కూడా నేరం రుజువు కాలేదు. బయటికి వచ్చాక ఆ అరవైలో నలుగురు కొండలెక్కి అక్కడి తిరుగుబాటుదార్లలో కలిశారు. అంతకుముందు ఈ ఊరి నుంచి ఒక్కడు కూడా పోలేదు. మీ వలలో పడనివాళ్ళు వలసపోయారు. పడినవాళ్ళు పగపట్టారు."

"హమాదీ కాలు తీసేశారు. వెళ్ళి వాడికి చెప్పు ఈ కథ. నీ కాలు తీసినవాడికి పాపం నీళ్ళు లేవు, ఉద్యోగం లేదు, ఓదార్చు అని చెప్పు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. హమాదీ షెద్లీకి బడిలో పక్క బల్లవాడు.

"పెట్టినవాణ్ణి నేనే పట్టుకుంటాను సార్, నా చేత్తో సంకెళ్ళు వేస్తాను. పెట్టబోయేవాళ్ళని ఇక్కడ తయారుచెయ్యద్దంటున్నాను."

"నువ్వు పోలీసువా, వాళ్ళ ప్లీడరువా?"

లసాద్‌ను చూడనివ్వమని షెద్లీ అడిగాడు. వజ్ది వీల్లేదన్నాడు. మధ్యాహ్నంలోగా అసలు మనిషిని తెస్తే వ్యాను ఖాళీగా పోతుందనీ, తేకపోతే లసాద్‌తో పాటు ఈ ప్లీడరు ఉద్యోగం కూడా పోతుందనీ తేల్చాడు. గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. వ్యాను ఎక్కినవాడు ఎన్నాళ్ళకి దిగుతాడో, ఎలా దిగుతాడో షెద్లీకి తెలుసు. మూడేళ్ళ కిందట దిగినవాళ్ళను ఆయన లెక్కపెట్టాడు.

పంపు గది దగ్గర ఆరుగురు జవాన్లు గోతులు తీస్తున్నారు. వాళ్ళు వెతికేది ఫోన్లు, తీగలు, గడియారాలు. దొరికిన ప్రతి ముక్కకీ చీటీ అంటించి గుడ్డ మీద పరిచారు. అక్కర్లేనివి ఓ మూల గుట్టపోశారు. షెద్లీ పరిచినవాటి జోలికి పోకుండా తిన్నగా గుట్ట దగ్గర చతికిలబడ్డాడు. విరిగిన పలక, మాడిన చెప్పు, టీ గిన్నె మూత. వాటి కింద అరచేతంత రాగి ముక్క ఉంది.

జవాను ఒకడు అది వంటగిన్నెలెండి అన్నాడు. షెద్లీ దాన్ని ఎండకెత్తి పట్టుకున్నాడు. నడిమధ్యలోంచి సూదిమొనంత వెలుతురు ఆయన కంట్లో పడింది. అడుగున చిల్లు పెట్టుకుని ఎవరూ వంట చెయ్యరు.

అది గదూస్. నీళ్ళ వంతులు కొలిచే రాగి చెంబు. గడియారాలు వెతికేవాళ్ళకి గడియారమే దొరికింది, కాకపోతే దానికి ముళ్ళు లేవు. బాంబు పెట్టినవాడు, చెంబు ఖాళీ కాగానే పేలేలా అమర్చి, దాని గడువును నీళ్ళ చుక్కలకు అప్పగించి తాపీగా వెళ్ళిపోయాడు. ఐన్ ముర్రాలో గదూస్‌లు మూడే ఉన్నాయి. మూడూ నీళ్ళ కొలతగాడు ఖ్మైస్ గుడిసెలో గోడకి వేలాడుతుంటాయి.

అక్కడికి దారి తుర్కియా తోట మీదుగానే. ఆమె కాలువ గట్టు మీద కూర్చుని గడ్డి కోసే కొడవలికి పదును పెడుతోంది. షెద్లీ టోపీ తీసి సలాము చెప్పాడు. ఆమె కొడవలితో మాట్లాడుతున్నట్టే మాట్లాడింది. ఇరవై ముగ్గురిలో ఆమె చిన్న కొడుకు ఉన్నాడు.

లసాద్ నిన్న ఎక్కడున్నాడని అడిగాడు. పోలీసులతో మాట్లాడనంది. నేను పోలీసును కాదనుకో పిన్నీ అన్నాడు. "నువ్వు పోలీసువి కాకపోతే నీకు నా గట్టు మీద కాలు పెట్టే హక్కెక్కడిదిరా?" అంది.

చివరికి లసాద్ మీదున్న కోపమే ఆమెతో మాట్లాడించింది. రెండున్నర నుంచీ వాడు అక్కడే పారతో మట్టి తోస్తున్నాడు, మధ్యలో నీళ్ళు ఇటు జారుతున్నాయని రెండుసార్లు వాళ్ళమ్మని తిట్టింది కూడా. పేలుడు వినగానే పార పారేసి అటు పరిగెత్తాడు. హమాదీని భుజాన వేసుకుని రోడ్డు దాకా మోశాడు, ఆకు కోసం గుడిసెకి పోయింది ఆ తర్వాతే. ఆ లోపల గట్టు తెగి నీళ్ళన్నీ ఆమె ఉల్లిమడిలో పడ్డాయి. కావాలంటే చూసుకో అని కొడవలితో చూపించింది. నీళ్ళలో తేలుతున్న ఉల్లినారు, దాని అంచున పరిగెత్తిన కాళ్ళ ముద్రలు, పంపు గది వైపే.

చొక్కా మీద నెత్తురు ఎవరిదో తేలిపోయింది. ప్రాణం పోసినవాడే ప్రాణం తియ్యబోయినవాడి పద్దులో పడ్డాడు.

"కుళాయిలో నీళ్ళు వస్తున్నాయా పిన్నీ?" లేస్తూ ఊరికే అడిగాడు.

"కంపెనీ బావి తవ్వాక మా ఊట వారానికి మూడు రోజులే పారుతోంది. కుళాయిల్లో చుక్క పడి నాలుగేళ్ళు. నీళ్ళు ఇమ్మని మున్సిపాలిటీ ముందు కూర్చున్నాం. నీళ్ళడిగితే నిన్ను పంపారు. మర్చిపోయావా?"

ఆయన మర్చిపోలేదు. లాఠీ పట్టుకుని ముందు వరసలో నిలబడ్డది తనే.

పదకొండు కావస్తుండగా ఖ్మైస్ గుడిసెలోకి తల వంచి దూరాడు. ముసలాయన నేలమీద మేకు ఎదురుగా కూర్చున్నాడు. ఎదుట ఒక చెంబు వేలాడుతూ కారుతోంది. పక్కన ఇంకో రెండు మేకులు బోసిగా ఉన్నాయి. వాటి కింద గోడ మీద మసి లేని రెండు గుండ్రటి మచ్చలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది.

మిగతా రెండూ ఏవి బాబాయ్ అంటే మాటు వేయించడానికి ఇచ్చానన్నాడు. ఎవరికి ఇచ్చావంటే గుర్తులేదన్నాడు. నీళ్ళు లేని ఊళ్ళో అందరూ నీళ్ళు నమలడమే.

లసాద్ వంతు ఆకు జతది ఇమ్మన్నాడు షెద్లీ. ప్రతి వంతుకీ రెండు ఆకుల మీద ముడులు పడతాయి. ఒకటి తోటవాడికి పోతుంది, రెండోది గుడిసెలో కట్టగా ఉంటుంది. ముసలాయన తటపటాయిస్తూనే తీసిచ్చాడు. వెలుతురులో ఒక్కొక్క ముడినే వేలితో తడిమాడు షెద్లీ. నాన్న ఒళ్ళో కూర్చుని ఈ ఆకుల మీదే అంకెలు నేర్చుకున్నాడు ఆయన.

పందొమ్మిదో ముడి నుంచి ముప్పయ్యో ముడి దాకా కుడిచేతి వాటం, వదులుగా ఉన్నాయి. మొదటి పద్దెనిమిదీ ఎడంచేతి వాటం. బిర్రుగా ఉన్నాయి. ప్రతి ముడి పక్కనా ఆకు మీద చిన్న గాటు.

"ఈ ముప్పై ముడులూ ఎవరు వేశారు బాబాయ్?"

"నేనే. కొలతగాడు వంతు మధ్యలో లేవకూడదు. నీకు తెలీదా?"

"నోరు తెరు."

"ఏమిటి?"

"నోరు తెరు బాబాయ్."

ముసలాయన తెరవలేదు. తెరవక్కర్లేదు కూడా. ఆయన నోట్లో చివరి పన్ను ఊడి ఆరేళ్ళయింది. ఊరంతా ఆయనకి రొట్టె పాలలో నానబెట్టి పెడుతుంది.

"ఇవి పంటి గాట్లు. ఒక కొసను పళ్ళతో పట్టుకుని ఎడం చేత్తో లాగి బిగించాడు. కుడి చెయ్యి పనిచెయ్యనివాడు. పద్దెనిమిది ముడులయ్యాక, అంటే నాలుగింటికి, లేచి వెళ్ళిపోయాడు. నువ్వొచ్చి కూర్చున్నావు. నాలుగూ నలభైకి పంపు గది పోయింది." షెద్లీ గొంతు తగ్గింది. "నౌఫల్ ఎక్కడ?"

చెంబు ఖాళీ అయింది. ఖ్మైస్ అలవాటుకొద్దీ ఆకు మీద ముడి వెయ్యబోయాడు. వెయ్యకుండానే ఆకును కింద పెట్టేశాడు.

నౌఫల్ ఆయన మనవడు. ఇరవై నాలుగేళ్ళవాడు. మూడేళ్ళ కిందట కాఫీ కొట్టు దగ్గర అరవై మందిలో ఒకడిగా దొరికాడు. ఎనిమిది నెలల తర్వాత కేసు లేకుండా, కుడి చేతి మూడు వేళ్ళు లేకుండా తిరిగొచ్చాడు. వేళ్ళు ఉన్నాయి గానీ వంగవు. ఖర్జూరం చెట్టెక్కలేడు, పార పట్టలేడు. కంపెనీలో కాపలా ఉద్యోగానికి పోతే నేరం లేదని పోలీసు కాగితం తెమ్మన్నారు. ఆ కాగితం కోసం నాలుగుసార్లు ఠాణాకి వచ్చాడు. నాలుగుసార్లూ వచ్చే వారం రమ్మన్న ఇన్‌స్పెక్టర్ పేరు షెద్లీ. విచారణలో ఉన్నాడని ఫైలు మీద రాసి ఉంది, ఎవరు రాశారో ఎవరికీ తెలీదు, కొట్టెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ ఉద్యోగం హమాదీకి వచ్చింది.

కొండల్లోంచి వచ్చినవాళ్ళు మాత్రం వాణ్ణి కాగితం అడగలేదు.

"నేను అడ్డం పడ్డాను" అన్నాడు ముసలాయన. "తాతా, నా చెయ్యి చూడు, తర్వాత మాట్లాడు అన్నాడు. నేనేం మాట్లాడను? హమాదీ సాయంత్రం అసరు నమాజుకి పోతాడు, ఆ వేళకి ఎవరూ ఉండరన్నాడు. వాడు నిన్న పోలేదు."

"రెండో గదూస్?"

"పెద్దది. చిన్నది అరగంటలో ఖాళీ అవుతుంది, ఇది పొద్దున్నే నింపితే మధ్యాహ్నం నమాజు దాకా కారుతుంది."

"ఎక్కడ పెట్టాడు బాబాయ్?"

ఖ్మైస్ కళ్ళు తుడుచుకోలేదు. "నా వేళ్ళు ఎక్కడ పోయాయో అక్కడ అన్నాడు. వాళ్ళు మళ్ళీ అదే ఇంటికి వస్తారు తాతా, వాళ్ళకి ఇంకో ఆలోచన రాదు అన్నాడు."

షెద్లీ వాచీ చూసుకున్నాడు. పదకొండూ ఇరవై రెండు. మూడేళ్ళ కిందట అరవై మందిని పెట్టింది ఖర్జూరం గోదాములో. ఇప్పుడు అందులో ఇరవై ముగ్గురున్నారు, పధ్నాలుగు మంది పోలీసులున్నారు, తుర్కియా పిన్ని కొడుకున్నాడు. దేశంలోకెల్లా భద్రమైన ఊళ్ళో దేశంలోకెల్లా భద్రమైన ఇల్లు.

జీపు గోదాము గేటు దగ్గర ఆగేసరికి పదకొండూ ముప్పై ఏడు. సంతకం పెడితేగాని లోపలికి వదలనన్నాడు గేటు జవాను. షెద్లీ రిజిస్టరు లాక్కున్నాడు. తన పొద్దుటి సంతకానికి పైన ఒకే ఒక్క పేరుంది. ఆరూ నలభైకి లోపలికి, ఏడూ అయిదుకి బయటికి. అక్షరాలు ఎడంపక్కకి ఒరిగి, సిరా చేత్తో రుద్దుకుపోయి ఉన్నాయి, ఎడంచేతి రాత.

"ఎవడితను?"

"నీళ్ళ బండివాడు సార్. కుళాయి రాదు కదా, తాగడానికి రెండు పీపాలు తెమ్మన్నాం. జేబులన్నీ వెతికే వదిలాం. గాడిదని కూడా వెతికాం."

"పీపాలు?"

"వాటిల్లో నీళ్ళే కదా సార్."

షెద్లీ రిజిస్టరు పడేసి లోపలికి పరిగెత్తాడు. కుళాయి రాదని ఈ జవానుకి తెలుసు. నాలుగేళ్ళయిందని తుర్కియా పిన్ని ఇప్పుడే చెప్పింది. ఈ ఊళ్ళో పుట్టిన తను పొద్దున్న కమాండరు గదిలో నిలబడి, లేని కుళాయి కారుతుంటే, మాటకి మాట అప్పచెప్పే సరదాలో చెవి పెట్టలేదు.

వాకిట్లో వజ్ది వ్యాను కోసం సిద్ధంగా ఉన్నాడు. షెద్లీ రెండే ముక్కల్లో చెప్పాడు: పీపాల గదిలో బాంబుంది, హాలు తలుపులు తియ్యండి. వజ్ది మొదటి సగమే విన్నాడు. గేట్లు మూసెయ్యండి, ఒక్కడు కూడా బయటికి పోకూడదు అని జవాన్లకి ఉత్తరువిచ్చాడు.

"సార్, మూసుకోవాల్సింది గేట్లు కాదు."

"ఇది వీళ్ళ పన్నాగం. తలుపులు తీయించడానికి నాటకం. వాడు పొద్దుటి నుంచీ కానుక కానుక అని అరుస్తున్నది ఇందుకే."

"వాడి నోట్లో గుడ్డ తీయించండి. మీ చెవులతో వినండి. ఒక్క నిమిషం."

వజ్ది ఎందుకు ఒప్పుకున్నాడో తర్వాత ఆయన కూడా చెప్పలేకపోయాడు. బహుశా గోడ వెనకనుంచి అప్పుడే టప్‌మన్న చుక్క ఆయనకీ వినబడి ఉంటుంది. లసాద్‌ను వాకిట్లోకి తెచ్చి గుడ్డ లాగారు. వాడు దగ్గి, నెత్తురు ఉమ్మి, షెద్లీని చూసి మొహం తిప్పుకుని, కమాండరు వైపే తిరిగి మాట్లాడాడు.

"గదూస్ అన్నాను. కాదో కాదు, గదూస్. మా నీళ్ళ చెంబు. నా గది గోడకవతల కారుతోంది. పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడు, నాకు తెలీదా? మొన్న గుడిసెలో రెండు చెంబులు కనబళ్ళేదు. నిన్న ఒకటి పంపు గదిలో పేలింది, రాగి ముక్కలు చూశాను. రెండోది ఇక్కడుంది, మీరంతా చస్తారు, చూసుకోండని చెబుతుంటే నోట్లో గుడ్డ పెట్టారు." వాడు ఊపిరి పీల్చుకున్నాడు. "పొద్దుటి నుంచీ పట్టపగలే చుక్కలు లెక్కపెడుతున్నాను. ఇందాకటిదాకా ఊపిరికి ఒకటి పడేది. ఇప్పుడు నాలుగు ఊపిర్లకి ఒకటి. నీళ్ళు అడుగంటాయి."

జవాన్లు విన్నారు. గుమాస్తా చేతిలో కలం అలాగే ఉండిపోయింది. హాల్లోంచి కుర్రాళ్ళు ఇనప తలుపు సందులకి చెవులానించారు. తమ ప్రాణాలు కాపాడబోయినవాడి మాటనే నేరాంగీకారమని రాసుకున్నట్టు వాకిట్లో ఉన్న ప్రతివాడికీ ఒకేసారి అర్థమైంది.

టప్.

వజ్ది నడుముకున్న తాళాల గుత్తి మీద చెయ్యి వేశాడు. వేసి అక్కడే ఉంచాడు. "వీళ్ళని వదిలేస్తే రేపు వీళ్ళేం చేస్తారో ఎవడు పూచీ?"

"నేను" అన్నాడు షెద్లీ. "నౌఫల్‌కి ఒక్క కాగితం ఇవ్వనందుకు ఈ పూచీ నాది. వాణ్ణి కూడా నేనే పట్టి తెస్తాను. తాళాలు ఇటు పడేయండి."

గుత్తి గాలిలో తిరుగుతూ వచ్చి షెద్లీ అరచేతిలో పడింది. పోలీసులు గేటు వైపు పరిగెత్తుతుంటే ఆయన హాలు వైపు పరిగెత్తాడు. మొదటి తాళంచెవి పట్టలేదు. రెండోది సగం తిరిగి ఆగింది. తుపాకీ మడమతో గడియ మీద కొట్టడానికి పక్కకి ఎవరో వచ్చి నిలబడ్డారు. చూస్తే వజ్ది.

తలుపు లోపల ఇరవై ఇద్దరూ ఊపిర్లు లెక్కపెడుతున్నారు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

మూడో తాళంచెవి తిరిగింది.

అయిదు. ఆరు. ఏడు.

చుక్క పడలేదు.